పాట చివర అధ్యక్షుడు

పైడితల్లి పాట చివర అధ్యక్షుడు మాట్లాడుతున్నాడు.

ఎన్నిసార్లు విన్నా అంతే. నాట్ల పాట ఆఖరి చరణం ముగిసి ఆమె ఊపిరి తీసుకోగానే, ఒక మగ గొంతు గంభీరంగా అందుకుంటుంది. "...కనుక సోదరీమణులారా, ఈ రోజు మీకు మాట్లాడే అవకాశం ఇచ్చింది ఎవరు?"

లోహిత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసింది.

అది ఆడవాళ్లు నడుపుకునే చిన్న రేడియో. పాలిటెక్నిక్‌లో సి అనే కంప్యూటర్ భాష చెప్పి రిటైరైన రుక్సానా టీచర్ ఈ రేడియోలో కంప్యూటర్ల పని చూస్తుంది. లోహిత ఆమె శిష్యురాలు. తెలివైన పిల్ల, ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలుసు.

మహిళా దినోత్సవ సభ మొత్తం ఒకే ఫైలుగా రికార్డయింది. ఉదయం నుంచి మగవాళ్లు ఆడవాళ్ల గొప్పతనం గురించి మాట్లాడారు. కుర్చీలు మడతపెడుతుండగా ఎవరికో గుర్తొచ్చి, నాట్లకు వెళ్లే పైడితల్లిని పాడమన్నారు. ఆమె పాట అవగానే రికార్డర్ ఆపేశారు. ఆ పాటే ఈ సాయంత్రం రేడియోలో వస్తుందని లోహిత స్వయంగా వెళ్లి ఆమెకు చెప్పింది. పైడితల్లి ఇంతవరకూ తన గొంతు తాను వినలేదు. వీధి వీధంతా వినడానికి వస్తోంది.

అంత ఫైలునూ ఒక్కసారి మెమరీలోకి తీసుకునే ఓపిక ఆ పాత కంప్యూటరుకు లేదు. అందుకని లోహిత ఒక ప్రోగ్రాం రాసింది. ఫైల్లో కావలసిన చోటికి వెళ్లి, అక్కణ్ణుంచి ఒక ముక్క చదివి, మెమరీలో తీసిపెట్టుకున్న జాగాలో ఉంచి, వేరే ఫైలుగా రాసేస్తుంది. ఆ జాగా సభాధ్యక్షుడి ఉపన్యాసమంత పెద్దది. అంతకంటే పొడుగ్గా మాట్లాడినవాళ్లు లేరు మరి. ముందు ఆయన ఉపన్యాసం అందులోకి తీసుకుంది. తర్వాత అదే జాగాలోకి, అంతే కొలత అడిగి, పైడితల్లి పాట.

"ఫైలు పాడైపోయింది టీచర్. రికార్డరే రెండూ కలిపేసింది."

"నీ ప్రోగ్రాం?"

"దానికేం, బాగానే ఉంది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు."

"మా ఆయనా అంతే అనేవాడు. ఎవరూ నోరెత్తలేదు కాబట్టి ఇల్లు బాగున్నట్టేనని."

లోహితకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "ఆ చివర చేత్తో కత్తిరించేస్తాను. అయిపోతుంది."

"రేపు ఇంకొకామె పాడితే?"

"అదీ కత్తిరిస్తాను."

"పాడే ప్రతి ఆడదాని వెనకా కత్తెర పట్టుకుని నిలబడతావన్నమాట. మంచి ఉద్యోగమే."

అప్పుడే పైడితల్లి వచ్చేసింది. ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లు. తను తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"ఏటమ్మా, ఇంకా అవనేదా నా పాట?"

"అవుతోందమ్మా, కూర్చో," అంది లోహిత, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

టీచర్ ఫ్లాస్కు తెచ్చి అందరికీ టీ పోసింది. కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు తీసి లోహిత పక్కన పెట్టి, ఫ్లాస్కు చేతికిచ్చింది. "నువ్వూ పోసుకో."

లోహిత తెర వంక చూస్తూనే ఫ్లాస్కు వంచింది. చప్పుడు ఆగాక పక్కన పెట్టి గ్లాసు ఎత్తింది. చేతికి బరువుగానే తగిలింది. ఒక గుక్క తాగింది.

మొహం ముడుచుకుపోయింది.

"మొకం సూడండే పిల్లది," అని పైడితల్లి పకపకా నవ్వింది.

"టీచర్, ఇందులో మజ్జిగుంది."

"మధ్యాహ్నం నువ్వు సగం తాగి వదిలేసిందే."

"నేను టీ కదా పోసుకున్నాను."

"ఎంత పోసుకున్నావు?"

లోహిత ఫ్లాస్కు తలకిందులు చేసింది. ఒక చుక్క రాలింది.

"చూడలేదు," అంది.

టీచర్ ఆమె చేతిలోంచి ఖాళీ ఫ్లాస్కు అందుకుంది. పైడితల్లి వైపు తిరిగి, ఈ ఏడు వానలెలా ఉన్నాయని అడగడం మొదలుపెట్టింది.

లోహిత గ్లాసులోకి చూసింది. తర్వాత ప్రోగ్రాంలోకి చూసింది. ఫైలును ఇంత ఇమ్మని అడిగిన వాక్యం అక్కడే ఉంది. ఎంత అడిగినా, నిజంగా ఎంత అందిందో, ఫైలు చదివే ఎఫ్‌రీడ్ అనే ఆజ్ఞ ప్రతిసారీ చెబుతుంది. ఆ జవాబు పట్టుకోవడానికి తను ఏమీ పెట్టలేదు. పాట అయిపోయేసరికి ఫైలూ అయిపోయింది. మిగతా జాగాలో అంతకుముందు ఎవరున్నారో వారే ఉన్నారు. అధ్యక్షుడు, లేచి వెళ్లే అలవాటు లేని మనిషి.

జవాబు పట్టుకోవడానికి ప్రోగ్రాంలో ఒక పేరు పెట్టి చిన్న చోటు ఇచ్చింది. అందినంతే రాయమని ప్రోగ్రాంకు చెప్పింది. మళ్లీ నడిపింది. కత్తెర ముట్టలేదు.

సాయంత్రం గదిలో చోటు చాలక కొందరు గుమ్మంలో నిలబడ్డారు. పాట మొదలవగానే పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కనున్నావిడ, "నీ గొంతేనే, నీదే," అని మోచేత్తో పొడిచింది. ఆఖరి చరణం సాగింది. ఊపిరి వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

పైడితల్లి కొంచెంసేపు రేడియో వంకే చూస్తూ కూర్చుంది, ఇంకా ఏదో రావాలన్నట్టు.

"అయిపోనాదా?"

"అయిపోయిందమ్మా."

"నా ఎనక ఎవుడూ మాటాడ్నేదే," అంది పైడితల్లి ఆశ్చర్యంగా.

గది నవ్వులతో గొల్లుమంది. టీచర్ కొత్తగా కాచిన టీ తెచ్చింది. లోహిత లేచి గ్లాసులు ఒక్కొక్కటీ వెలుతురుకు వంచి చూసి, కడిగి, పోయడం మొదలుపెట్టింది.