పిలిస్తే రాని మల్లి

కూర్చోండమ్మా, కూర్చోండి. ముందున్న చిట్టితల్లులు కాస్త జరిగితే వెనకవాళ్లకీ చోటు దొరుకుతుంది. కుక్కను వాహనంగా చేసుకున్న భైరవస్వామికి ఒక్క దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? అయితే వినండి.

కుక్కల మాట మనుషుల్లో కొందరికైనా తెలిసిన రోజుల్లో, కుంకుమగిరి అనే ఊళ్లో రత్నకేతుడని ఒక రాజుండేవాడు. ఆ రాజుకు కాంచనదేవి అనే రాణి, ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరకేతు, నడిపివాడు శూరకేతు, చిన్నవాడు మణికేతు.

మణికేతుకు తొమ్మిదేళ్లప్పుడు మల్లి అనే తెల్ల కుక్కపిల్ల ఉండేది. ఎంత దూరాన ఉన్నా "మల్లీ, రా" అంటే చెవులు ఎగరేసుకుంటూ వచ్చేది. ఒకనాడది వాడి జరీ చెప్పు కొరికేసింది. మణికేతు దాన్ని దగ్గరికి పిలిచాడు. అది తోకాడిస్తూ వచ్చింది. రాగానే బెత్తంతో రెండు వేశాడు. అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా దూరంగా నిలబడి చూసేదే కాని వచ్చేది కాదు.

"అమ్మా, మల్లికి పొగరెక్కింది!" అన్నాడు వాడు ఏడుస్తూ.

"పొగరు కాదు నాయనా. చెప్పు కొరికినందుకు కొట్టానని నువ్వనుకున్నావు. వచ్చినందుకు కొట్టాడని అదనుకుంది" అంది రాణి.

వాడికి పద్దెనిమిదేళ్లు వచ్చిన ఏడు, గరళదంతుడనే మాంత్రికుడు రాణిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన గుహ ముందు శిలను చేసి నిలబెట్టాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. చిలుక గుహలోపలి సొరంగంలో ఉంది. సొరంగంలోకి మనిషి దూరలేడు, కుక్క దూరగలదు. గుహకు కాపలాగా వాడి కుక్క ఒకటుంది, దాని పేరు కరాళం. అది ఒక్కసారి మొరిగితే చాలు, మాంత్రికుడు ఏ లోకంలో ఉన్నా వచ్చి వాలేవాడు.

ధీరకేతు కొరడా పట్టుకుని వెళ్లాడు. కరాళం కళ్లలోకి గుడ్లురిమి చూస్తూ మీదికి నడిచాడు. అది మొరిగింది. పెద్దవాడు శిలైపోయాడు.

శూరకేతు మేకతొడ పట్టుకుని వెళ్లాడు. విసిరాడు. కరాళం తొడంతా తిని, మూతి నాక్కుని, అప్పుడు మొరిగింది. నడిపివాడూ శిలైపోయాడు.

ఇక మిగిలింది చిన్నవాడు. తండ్రి కాళ్లకు మొక్కి, భైరవస్వామిని తలుచుకుని పడవెక్కాడు. ఏడు సముద్రాలూ దాటి దీవిలో దిగేసరికి ఒడ్డున గొర్రెలు కాస్తూ గంగు అనే పిల్ల కనబడింది.

"నువ్వు మూడోవాడివా? నీ దగ్గరేముంది? కొరడానా, మాంసమా?" అంది గంగు.

"ఏమీ లేదు. సజ్జరొట్టె ఉంది."

గంగు పకపకా నవ్వింది. "అయితే బతుకుతావులే. కరాళం మా మందలో పుట్టినదే. కళ్లు తెరిచిన నెలకే ఆ పాపిష్టివాడు ఎత్తుకుపోయాడు. దానికి మాటలొచ్చు తెలుసా?"

"కుక్క మాట్లాడుతుందా?"

"నోటితో అయితే మీ అన్నలకూ వినబడేదే! తోకతో మాట్లాడుతుంది, చెవులతో మాట్లాడుతుంది. తోక కర్రలా బిగిస్తే 'అక్కడే ఆగు' అని. నిద్ర రాకుండానే ఆవలిస్తే 'నాకు భయంగా ఉంది' అని. ఒళ్లంతా వదులై నడుము కూడా ఊగిందా, అప్పుడు 'రా' అని."

మర్నాడు మణికేతు గుహ దగ్గరికి వెళ్లాడు. కరాళం తోక బిగించింది. వాడు ఆగిపోయాడు. కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి కూర్చుని రొట్టె ముక్క నేల మీద పెట్టాడు. కరాళం ఆవలించింది. వాడు లేచి వెళ్లిపోయాడు. రెండోనాడూ అంతే. మూడోనాడు అది వచ్చి వాడి చెయ్యి వాసన చూసింది.

నాలుగోనాడు వాడు "రా" అన్నాడు. ఆ మాట వినగానే కరాళం తోక కాళ్ల మధ్య ముడుచుకుని నేలకంటుకుపోయింది.

"గంగూ, నేనేం చెయ్యలేదే!" అన్నాడు వాడు, వెనకే గొర్రెలతో వచ్చిన గంగు వైపు తిరిగి.

"నువ్వు కాదు, వాడు చేశాడు. 'తే' అంటే ఇది చిలుకను తెస్తుంది. 'రా' అంటే వాడి కాళ్ల దగ్గరికొస్తుంది. ఆలస్యమైందని వాడు ప్రతిసారీ తంతాడు. ఆ మాట చెడిపోయింది రాజా. కొత్త మాట నేర్పు. ఒకటే మాట. అది వచ్చిన క్షణాన్నే రొట్టె నోట్లో పడాలి. మాట చెడగొట్టావో, మళ్లీ దొరకదు."

మణికేతుకు మల్లి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ వెండిగిన్నెలో పెరుగన్నం కలిపి, మెట్ల మీద కూర్చుని పిలిచే పిలుపు గుర్తొచ్చింది. మెల్లగా అన్నాడు: "దా నాయనా, దా."

పదిరోజులు ఆ పిలుపే. పిలవడం, రావడం, రొట్టె. ఒకనాడది కుందేలు వెంట పరుగెత్తి పొద్దువాలాక వచ్చింది. వాడికి ఒళ్లు మండి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి లేచినట్టే ఆగింది. దించి, రొట్టె పెట్టాడు.

పదిహేనోనాడు "తే" అన్నాడు. కరాళం సొరంగంలోకి దూరి, ఈక నలగకుండా చిలుకను పళ్ల మధ్య పట్టుకొచ్చింది. ప్రాణం కదిలిందేమో, మాంత్రికుడు ధుమధుమలాడుతూ వచ్చి వాలాడు. అటు వాడు, ఇటు మణికేతు, నడుమ కుక్క.

"రా కుక్కా! రాకపోతే చర్మం వలుస్తా!"

కరాళం వణికింది. అలవాటుకొద్దీ ఒక అడుగు అటే వేసింది. ఉరికి పట్టుకుందామా అనిపించింది మణికేతుకు. వెంటపడితే ఏ కుక్కయినా పారిపోతుంది కదా! ఉరకకుండా మోకాళ్ల మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"దా నాయనా, దా."

కరాళం తోక వదులైంది. నడుము ఊగింది. ఒక్క పరుగున వచ్చి చిలుకను వాడి చేతిలో పెట్టింది. వాడు ముందు రొట్టె పెట్టాడు, తర్వాతే మాంత్రికుడి వైపు తిరిగాడు.

"ముందు శిలల్ని మనుషుల్ని చెయ్యి!"

ప్రాణం పరాయి గుప్పిట్లో ఉన్నవాడు ఏం చేస్తాడు? చేశాడు. చెయ్యగానే మణికేతు పిడికిలి విప్పాడు. ఎన్నేళ్ల చెరో పాపం, చిలుక ఆకాశంలోకి ఎగిరిపోయింది. ప్రాణం ఎగిరిపోయాక ఒళ్లేముంది? గరళదంతుడు గుప్పెడు బూడిదయ్యాడు.

రాణి కళ్లు తుడుచుకుంది. "రాయిలో ఉండి రోజూ విన్నానురా ఆ పిలుపు. నన్నే పిలుస్తున్నావనుకున్నాను."

పెళ్లాడతావా అని మణికేతు గంగును అడిగితే "గొర్రెలు కూడా వస్తాయి మరి" అంది. గొర్రెలతో, కరాళంతో సహా తీసుకొచ్చారు. కుంకుమగిరిలో ఐదురోజుల పెళ్లి జరిగింది. తమ్ముడే ఏలాలని అన్నలిద్దరూ ఒప్పుకున్నారు. భైరవస్వామి దయవల్ల మణికేతు, గంగు అరవై ఏళ్లు చల్లగా ఏలారు.

అయితే పెళ్లికి ముందు ఒక పనుంది. కోట గుమ్మం దగ్గర ముసలి మల్లి పడుకుని ఉంది. మూతి నెరిసింది, చూపు మసకేసింది. మణికేతు దూరంగా, పక్కకు తిరిగి, నేల మీద కూర్చున్నాడు.

"దా తల్లీ, దా."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రాతిమీద గోళ్ల చప్పుడైంది. తడి ముక్కొకటి వచ్చి వాడి అరచేతిలో ఆనింది.

కథ గూటికి చేరింది, ఇక మీరూ చేరండి. దారిలో కుక్క ఎదురైతే, దాని తోక ఏమంటోందో విని మరీ నడవండి.