రాణిగారి అలమరకు నాపరాళ్లు

రాజ్యాలు చిన్నవీ, దివాన్ల మీసాలు పెద్దవీ అయిన రోజుల్లో, ఒక సంస్థానంలో నూకాలు అనే దాసి రాణిగారి చీరలు చూసుకునేది. ఆ ఏడాది వానలకు గోడ అలమరలోని చెక్క అరలకు చెదపట్టి, పట్టుచీరలు జల్లెడలయ్యాయి. తిట్లన్నీ నూకాలే తింది. మళ్లీ ఇలా జరిగితే కొలువు ఊడుతుందని రాజు హెచ్చరించాడు.

కొత్త అరల మాట రాగానే ఆమె ధైర్యం చేసి, "నాపరాళ్లు వేయించండి ప్రభూ. చవక, పైగా చెద పట్టదు" అంది.

దివాను భగ్గుమన్నాడు. "కాళ్లకింద పరిచే రాళ్లమీద రాణిగారి చీరలా? మా బావమరిది దగ్గర అసలైన టేకుంది. చెద దానివంక కన్నెత్తి చూడదు!"

ఆ బావమరిది మామిడిచెక్కకు రంగు పూసి టేకని అమ్ముతాడని రాజుకు తప్ప ఊరందరికీ తెలుసు. ఆ మాట దివాను ఎదుట అంటే ఇంకేమైనా ఉందా? నూకాలు చేతులు కట్టుకుంది.

"టేకే వేయించండి ప్రభూ. ఒక్క మనవి. వచ్చే వానాకాలమంతా ఆ అరల్లో దివాన్ గారి జరీ తలపాగాలూ శాలువాలూ ఉంచుదాం. వాటికేమీ కాకపోతే అప్పుడు రాణిగారి చీరలు సర్దుతాను."

"భేష్!" అన్నాడు రాజు.

దివాను చెయ్యి తలపాగా మీదికి పోయింది. "ప్రభూ... రాతి చల్లదనం పట్టుకు మంచిదని ఎవరో అనగా విన్నాను. నాపరాళ్లే వేయిద్దాం."

రాజు అతని ముఖం చూశాడు. ఊరందరికీ తెలిసింది ఆయనకీ తెలిసిపోయింది.

"అలాగే కానివ్వండి. ఆ టేకు మాత్రం మీ ఇంటి అలమరకు వేయించుకోండి. అంత గట్టి చెక్కను వదులుకుంటారా?" అన్నాడు.

నూకాలు నవ్వాపుకోలేక, పమిట నోట్లో కుక్కుకుని, రాళ్లు పురమాయించడానికి పరుగెత్తింది.