లోగది గడప ఎర్రబడిన రోజు

అనగనగా ఒక ఊళ్ళో, రైలు కూత వినపడేంత దగ్గర్లో ఒక పెంకుటిల్లు. ఆ ఇంటి కోడలు శేషారత్నం. ఎనిమిదో నెల గర్భిణి. కాళ్ళు కదపకు, దుప్పట్లోకి గాలి వస్తుంది, విను.

ఆ అమ్మాయికి తల్లి లేదు. అందుకని కాన్పు అత్తారింట్లోనే అనుకున్నారు. మొగుడిది రైల్వే ఉద్యోగం, ఇంట్లో ఉండేది తక్కువ. అంతకు ముందోసారి కడుపు నిలవలేదు. అందుకే ఈసారి చీమ కుట్టినా భయమే, పిల్లి అరిచినా భయమే.

బిడ్డని పడుకోబెట్టాల్సింది లోగదిలో. ఆ గది తలుపేమో మూసుకోదు. పండగ వచ్చినప్పుడల్లా పాత రంగు గీకకుండా దాని మీదే కొత్త రంగు వేసేవాళ్ళు. అలా అలా ద్వారబంధం లావెక్కిపోయింది. తలుపు ఎంత నెట్టినా బెత్తెడు సందు. రాబోయేవి చలి రోజులు. పసిగుడ్డుకి గాలి కొడుతుందని శేషారత్నం బెంగ.

అత్తగారు మాణిక్యమ్మ ఒప్పుకోలేదు.

"ఇంట్లో కడుపుతో మనిషుండగా గుమ్మం మీద ఉలి పెట్టకూడదు. పురుడయ్యాక చూద్దాంలే" అంది.

పురుడయ్యాక బాగుచేస్తే ఏం లాభం, నువ్వే చెప్పు.

ఆ తర్వాత అత్తగారు తప్పని పెళ్ళికి మూడు రోజులు ఊరెళ్ళింది. అప్పుడు కోడలు రంగులేసే అప్పలస్వామిని పిలిపించింది. ఉలి పెట్టొద్దన్నారు గానీ సున్నం పెట్టొద్దనలేదుగా, అనుకుంది. అది తెలివో మొండితనమో ఇప్పటికీ తేలలేదు.

అప్పలస్వామి సున్నం, చాకలి సోడా కలిపి ముద్ద చేసి చెక్కకి పట్టించాడు. మొదటి రోజు ఆకుపచ్చ రంగు అప్పడంలా ఉబ్బింది. రేకుతో గీకేశాడు. రెండో రోజు దాని కింద నీలం బయటపడింది. అదీ గీకేశాడు. రేకు చప్పుడు వినపడినప్పుడల్లా శేషారత్నం పొట్ట మీద చెయ్యి వేసుకునేది. మూడో రోజు మిగిలింది గడప. దాని మీద అన్నిటికన్నా అడుగున తెల్ల పూత. అది గీకి, చెంబుతో నీళ్ళు పోసి కడిగాడు.

నీళ్ళు ఎర్రగా వచ్చాయి.

మళ్ళీ పోశాడు. మళ్ళీ ఎరుపే. మూడోసారీ అంతే. అప్పలస్వామి రేకు కింద పెట్టేశాడు.

"ఈ గుమ్మానికి ఎర్ర రంగే లేదమ్మగారూ. మరిదేటో నాకు తెల్దు" అన్నాడు.

శేషారత్నం గోడ పట్టుకుని కూలబడింది. పెద్దావిడ మాట కాదన్నందుకు గడప రక్తం కారుస్తోందనుకుంది. పొద్దుట్నుంచీ కడుపులో బిడ్డ కదిలిందా, లేదా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. 

అప్పుడే వీధిలో రిక్షా ఆగింది. మాణిక్యమ్మ లోపలికొచ్చి, గడప చూసింది, కోడల్ని చూసింది. తిడితే బాగుండునని శేషారత్నానికి అనిపించింది. పెద్దావిడ వంగి, వేలు ముంచి, వాసన చూసింది.

"సున్నం పట్టించావా?" అని అప్పలస్వామిని అడిగింది. అతను తలూపాడు.

అప్పుడు కోడలి పక్కన చతికిలబడింది. "దిష్టి నీళ్ళు ఎలా కలుపుతామే?"

"పసుపులో సున్నం వేసి, అత్తయ్యా."

"మరి? నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ ఈ గడపకి పసుపు రాస్తూనే ఉన్నాను. రంగులేసేవాళ్ళు కడక్కుండానే పైన పూసేశారు. చెక్క అంతా తాగేసింది. అది రక్తం కాదే పిచ్చిదానా. అవి నా శుక్రవారాలు."

ఆ తర్వాత ఆ ఎర్రనీళ్ళే పళ్ళెంలోకి తీసి, కోడలికి మూడుసార్లు దిష్టి తీసి, వీధిలో పారబోసి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం. ఊరికే వదిలేస్తుందా మరి. ఆ తిట్లకి కడుపులో బిడ్డ ఫెడీమని తన్నింది. శేషారత్నం ఏడుస్తూ నవ్వింది.

అప్పలస్వామి ఒక వేలితో నెడితే తలుపు మూసుకుంది.

ఆ తన్నిన బిడ్డ మీ అమ్మ. ఆ శేషారత్నం ఇదిగో, నీ పక్కనే పడుకుంది. ఇప్పటికీ మీ అమ్మ రావడం ఆలస్యమైతే నేను వెళ్ళి ఆ గడప తడుముకుంటాను. దానికి రంగు వేస్తానంటే ఎవర్నీ వెయ్యనివ్వను. ఏదీ, నీ వేళ్ళు చూపించు. పసుపు ఇంకా పోలేదు. పొద్దున ఆ గడపకి నువ్వు రాసిన మొదటి శుక్రవారం అది.

కథేమో కంచి చేరింది,
గాలేమో గడప బయటే ఆగింది,
నా తల్లికి నిద్దరొచ్చింది.