నిలుపుమెట్ట ఎర్నమ్మ తల్లి

పూర్వం ఈ కొండమీద ఏ మహర్షీ తపస్సు చేయలేదు, ఏ మహారాజూ వేటకు రాలేదు. నల్లరాయి కోసం ఒక కంపెనీ దొర వచ్చాడు. శిఖరం నుంచి రేవుదాకా రాతిదిమ్మెలు పరిపించి, వాటిమీద ఇనుప పట్టాలు బిగించి, రాయి నింపిన బండ్లు వాలున తమంతట తామే దొర్లిపోయేలా బాట వేయించాడు. ఆ బాట కూలివాడకూ శ్మశానానికీ నడుమగా పోయింది. బతికున్నవాళ్ళనే లెక్కచేయని మహానుభావుడికి చచ్చినవాళ్ళ దారి ఎందుకు కనబడుతుంది?

బండి వెంట పరుగెత్తి, చక్రంలో కట్టె దూర్చి వేగం తగ్గించే పని పోలయ్యది. కట్టెల వల్ల చక్రాలు అరుగుతున్నాయని దొర వాటిని మాన్పించాడు. ఒక ముసురురోజున బండి పట్టుతప్పి పోలయ్యనే తొక్కుకుంటూ పోయింది. తాగి పడ్డాడని కంపెనీవారు చాటించారు. చుక్క ముట్టని మనిషిమీద అంత నింద వేసినవాళ్ళ నోట పురుగులు పడ!

మర్నాడు అతని భార్య ఎర్నమ్మ పాడె వెంట పట్టాల దగ్గరికి వచ్చింది. మేస్త్రీ అడ్డుపడ్డాడు.

"శవం ఎక్కడికెలిపోద్దే? పొద్దోయేక దాటించుకో. దొరగోరి బళ్ళు ఆగవు."

"ఆడి పానం తీసిన బళ్ళు ఆడికోసం ఆగవేటి?" అంది ఎర్నమ్మ. "నా పెనిమిటి దాటిందాకా ఒక్క బండీ దిగడానికి నేదు. దించితే నామీద్నుంచే దించండి."

అని పట్టాలకు అడ్డంగా కూర్చుంది. కబురు పైకి చేరగానే దొర నిండుబండిని వదలమన్నాడు. ఆడకూతురి మీదికి బండి వదలమనడానికి వాడికి నోరెలా వచ్చిందో! ఉరుముతూ దిగిన ఆ బండి ఎర్నమ్మకు మూరెడు దూరాన, కట్టె లేకుండా, తాడు లేకుండా నిలిచిపోయింది. చక్రాలు ఇరుసుదాకా రాతిలో దిగబడ్డాయి. పాడె దాటింది. ఎర్నమ్మ లేచి, చీర దులుపుకుని, దాని వెనకే నడిచింది.

ఎన్ని ఎడ్లను కట్టి లాగించినా ఆ బండి కదలలేదు. దొర బాటనే వదిలిపోయాడు. పట్టాలు బిగించిన రెండేసి బెజ్జాల రాతిదిమ్మెలు నేటికీ వరసగా కనబడతాయి. రాతిలో సగం మునిగిన చక్రానికే పసుపు రాసి, ఎర్నమ్మ తల్లి అని మొక్కుతారు. దింపుడుకళ్ళెం అక్కడే. పాడె దించి, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచేదాకా ఎవరి వాహనమైనా ఆగవలసిందే.

నిరుడు కొత్త కంపెనీ లారీ ఒకటి ఆగక, పాడె వెనక హారన్ మోగించింది. ఊరి ఆడవాళ్ళు డ్రైవరును రెక్క పట్టుకుని దించి, పాడె పక్కన కూర్చోబెట్టి, పోయిన కూలివాడి పేరు అతని నోటితోనే పిలిపించారు.