గొంగళ్ల కుందమ్మ, శాలువాల నామిసెట్టి

అనగనగా, మబ్బులు కొండల్ని ఒరుసుకుంటూ వెళ్లే ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాచగిరి అనే కోటపట్నం. ఆ పట్నపు అంగడివీధిలో కుందమ్మ అనే వర్తకురాలు గొంగళ్లు అమ్మేది. నల్లగొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టిన గట్టి గొంగళ్లు అవి. తాత అమ్మాడు, తండ్రి అమ్మాడు, ఇప్పుడు ఆమె అమ్ముతోంది. నేతగాళ్ల వాడ మొత్తం ఆ అంగడి మీదే బతికేది.

ఒక మాఘమాసంలో నామిసెట్టి అనే వర్తకుడు ఎడ్లబళ్ల బారుతో వచ్చి పట్నంలో దిగాడు. బళ్ల నిండా ఓడల మీద వచ్చిన శాలువాలు. చిలకపచ్చవి, కుంకుమరంగువి, నెమలికంఠం రంగువి. చేత్తో పట్టుకుంటే వెన్నలా జారేవి. ధర చూస్తే గొంగడిలో సగం!

ఇంకేముంది, జనం విరగబడ్డారు. కుందమ్మకు ఈగలు తోలుకోవడం తప్ప పని లేకపోయింది.

ఆమె మేనమామ రేచయ్య అంగట్లో తోడుగా ఉండేవాడు. "అమ్మాయీ, మనమూ ధర తగ్గిద్దాం. వాడికంటే తక్కువకిస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు" అన్నాడు.

కుందమ్మ ధర తగ్గించింది. మర్నాడు పొద్దున్నే నామిసెట్టి ఇంకా తగ్గించాడు. ఆమె మళ్లీ తగ్గించింది. అతను నవ్వుతూ మళ్లీ తగ్గించాడు. చివరికి నేతగాళ్ల పెద్ద ఎర్రన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తల్లీ, మా వాడలో మగ్గాలు ఆడుతున్నాయి. పొయ్యిలే వెలగడం లేదు."

కుందమ్మకు తల ఎత్తి అతని ముఖం చూడడానికి మనసొప్పలేదు. ఆ పూటే పాత ధర పెట్టేసింది.

"వాడి బలమంతా రంగుల్లో ఉంది మామా. మనమూ రంగులు వేద్దాం" అంది. తెల్ల ఉన్ని వెతికి తెప్పించి, ఎరుపు, పసుపు అద్దించింది. గంజి మీద రంగు నిలుస్తుందా? చైత్రంలో ఒక అకాలవర్షం పడింది. ఎర్రగొంగడి భుజాన వేసుకొని పెళ్లికి బయలుదేరిన పెద్దమనిషి తెల్లపంచె కాస్తా ఎర్రపంచె అయింది. వీధి వీధంతా పగలబడి నవ్వింది. కుందమ్మ తలుపు వెనక్కి వెళ్లి కళ్లొత్తుకుంది.

"అయితే అంగడి మూసేద్దామా?" అన్నాడు రేచయ్య.

"మూసేద్దాం మామా, కొన్నాళ్లే. ఇన్నాళ్లూ నామిసెట్టి ముఖమే చూస్తూ కూర్చున్నాను. అతనేం చేస్తే నేనూ అదే చేశాను. మన గొంగడి ఎవరు కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో ఒక్కసారైనా అడిగానా?"

ఆమె అంగడికి తాళం వేసి, ఒక గొంగడి భుజాన వేసుకొని బయలుదేరింది. పట్నంలో గడపగడపకూ తిరిగింది. ఏటి ఒడ్డున పడవలు ఆగే రేవుకు వెళ్లింది. కనుమదారి పట్టి, కొండ మీది కావలి బురుజుల దాకా ఎక్కింది. అడిగింది, విన్నది, చూసింది.

పట్నంవాళ్లు నిజమే చెప్పారు. "ఇన్నాళ్లూ ఇంకొకటి దొరక్క నీ గొంగడి కప్పుకున్నాం తల్లీ. అది ఒంటికి గుచ్చుకుంటుంది." వాళ్లిక తిరిగి రారని ఆమెకు తెలిసిపోయింది. అయినా చెప్పినందుకు దణ్ణం పెట్టి ముందుకు నడిచింది.

కనుమలో ఒక బండివాడు మాత్రం తన పాత గొంగడిని ప్రేమగా తడిమాడు. "నాకు పరుపు ఇదే, దుప్పటి ఇదే, వానకు అడ్డం ఇదే. తాటాకు గిడుగు కప్పుకుంటే గాలికి ఎగిరిపోతుంది. నామిసెట్టి శాలువా ఒక్క జల్లుకే ముద్దవుతుంది. కానీ అమ్మా, చిరిగితే కుట్టేవాడు లేడు. కొత్తది కొనాలంటే మీ పట్నం దాకా రావాలి."

రేవులో పడవవాళ్లూ అదే మాట అన్నారు. బురుజుల మీద కావలివాళ్లూ అదే మాట అన్నారు.

తొలకరి పడేనాటికి కుందమ్మ అంగడి మళ్లీ తెరుచుకుంది. పట్నంలో కాదు, రేవులోనూ కనుమ మొదట్లోనూ. బండివాళ్లకు తలను కప్పే గొంగడి, పడవవాళ్లకు చేతులాడే పొట్టి గొంగడి. చిరిగినవి కుట్టడానికి ప్రతిచోటా ఒక నేతగాడు. ధర తగ్గలేదు, అయినా ఎవరూ బేరమాడలేదు. ఎర్రన వాడలో పొయ్యిలు వెలిగాయి.

వానలకు నామిసెట్టి వ్యాపారం మందగించింది. అతను ఊరుకునేవాడా? సరాసరి గొర్రెలకాపరుల దగ్గరికి వెళ్లి, "మీ ఉన్ని అంతా నేనే కొంటాను. కుందమ్మ ఇచ్చేదానికంటే ఎక్కువిస్తాను" అన్నాడు. ఉన్ని లేకపోతే గొంగడి ఎక్కడిది?

కబురు తెలిసి కుందమ్మ పరుగున కాపరుల పెద్ద బీరయ్య దగ్గరికి వెళ్లింది.

"బీరయ్యా, ఈ ఏడు ఎక్కువిస్తాడు, నిజమే. నా మగ్గాలు ఆగిపోయాక, వచ్చే ఏడు నీ ఉన్ని కొనేవాడు ఆయనొక్కడే. అప్పుడు ధర ఎవరు చెప్తారు?"

బీరయ్య గడ్డం నిమురుకున్నాడు.

"మరి అడవిలో వాన పట్టుకుంటే నువ్వేం కప్పుకుంటావు? నెమలికంఠం శాలువానా?"

బీరయ్య ఫక్కున నవ్వాడు. "సరేలేమ్మా. కానీ మా కష్టమూ విను. ముసురు పడితే మందను నిలపడానికి చోటు లేదు."

"ఊరి బయట మా నాన్న కట్టించిన రాతికొట్టాలు ఖాళీగా ఉన్నాయి. నేటినుంచి అవి మీ మందలవి."

ఉన్ని కుందమ్మకే వచ్చింది.

ఇంతలో కావలివాళ్ల నోట గొంగళ్ల మాట రాజుగారి చెవిన పడింది. ఆయన కుందమ్మనూ నామిసెట్టినీ సభకు పిలిపించాడు.

"కుందమ్మా, ఇకమీదట నీ గొంగళ్లన్నీ కోటే కొంటుంది. నీకు అడ్డంగా ఉన్న ఈ సెట్టిని పట్నం దాటిస్తాం. సంతోషమేనా?"

నామిసెట్టి ముఖం తెల్లబోయింది. రేచయ్య ఆనందంతో చేతులు జోడించాడు. కుందమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"మహారాజా, సైనికులకు కావలసినన్ని ఇస్తాను, అన్నీ ఇవ్వలేను. కొనేది ఒక్కరే అయితే, ఆ ఒక్కరి మనసు మారిన రోజున నేతగాళ్ల వాడ పస్తుంటుంది."

"నా మనసు మారుతుందంటావా?" అన్నాడు రాజు.

"తమరి మనసు నాకు తెలుసు ప్రభూ. తమ తరువాత వచ్చే రాజు ఎవరో నాకు తెలియదు."

రాజు గట్టిగా నవ్వేశాడు. "మరి సెట్టి సంగతి?"

"ఉండనివ్వండి. పట్నంలో తిరిగేవారికి ఆయన శాలువాయే సుఖం. ఆయనను పంపేస్తే జనం గతిలేక నా దగ్గర కొంటారు. గతిలేక కొన్నవారు ఇంకొకరు రాగానే వెళ్లిపోతారు. అది ఒకసారి చూశాను, చాలు."

సభ బయట నామిసెట్టి ఆమె వెనకే వచ్చాడు. "అమ్మా, నీకు ఉన్ని దొరక్కుండా చేయాలనుకున్నాను. నువ్వు నన్ను కాపాడావు."

"నీ కోసం కాదు సెట్టీ, నా కోసమే అన్నాను" అని కుందమ్మ నవ్వి, వాన మొదలవకముందే రేవుకు చేరాలని గబగబా నడిచింది.

కాబట్టి పిల్లలూ, ఎదుటి అంగడినే చూస్తూ కూర్చున్న వర్తకుడు దాని వెనక పరుగెత్తి అలిసిపోతాడు. తన సరుకు ఎవరి కష్టం తీరుస్తుందో వెళ్లి తెలుసుకున్నవాడే నిలబడతాడు.