బావగారి మీద బ్లఫ్

పుండరీకాక్షం మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, "సరే, ఒక ఆట ఆడదాం" అంటారు. కాకినాడలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు నలుగురైదుగురిని ఆన్‌లైన్ పోకర్ పోటీలకు తయారు చేస్తున్నారు. పైసా పందెం ఉండకూడదు, ఉత్త బిళ్ళలతో ఆడాలి, గెలిస్తే పేరు రావాలి. అదీ ఆయన నియమం. వీధిలోవాళ్ళు మాత్రం "ఈ వయసులో పేకాట బడి పెట్టాడయ్యా" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్ళ నోరు వాళ్ళిష్టం అంటారాయన.

ఆ రోజు హైమ వచ్చీ రాగానే, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"మాస్టారూ, ఎదుటివాడు ఎలాంటివాడైనా కాసేపు చూస్తే పట్టేస్తాను. పిరికివాణ్ణి బెదిరిస్తాను. దూకుడుగా వచ్చేవాణ్ణి రానిచ్చి పడగొడతాను. ఎవరికి తగ్గట్టు వాళ్ళతో ఆడతాను. అయినా ఎందుకు ఓడిపోతున్నాను?"

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. రాష్ట్ర జట్టులో ఒక్కటంటే ఒక్కటే చోటు మిగిలింది. దానికి ఎంపిక పోటీ ఆదివారం. కిందటిసారీ, అంతకు ముందుసారీ చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారి కూడా పోతే పోకర్ జోలికే రానని వాళ్ళమ్మ మీద ఒట్టేసింది హైమ. అందుకని పొద్దున్న లేచింది మొదలు అదే ఆట. అన్నం సయించదు, నిద్ర పట్టదు. కళ్ళు మూసుకుంటే ఇస్పేటు రాణి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. అసలు ఆ ఆట మొహం చూడాలంటేనే వెగటు పుడుతోందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా సరిగా చెప్పుకోలేదు.

మాస్టారు ఆమెను ఎగాదిగా చూశారు. "సరే, ఒక ఆట ఆడదాం. నలుగురిని పిలుస్తాను. నువ్వు ముందు గదిలో కూర్చో," అని తాను పెరటి వైపు వెళ్ళిపోయారు.

ఫోన్‌లో బల్ల తెరుచుకుంది. తాబేలు, మిరపకాయ్, పావురం, బావగారు అని నాలుగు పేర్లు. హైమ ఐదోది. ఆట నడుస్తుంటే ఒక్కొక్కరినీ చక్కగా పట్టేసింది. తాబేలు మంచి ముక్కలుంటే తప్ప కదలడు, వాడు పందెం పెంచాడంటే తప్పుకోవాలి. మిరపకాయ్ అంతా బ్లఫ్, చేతిలో ఏమీ లేకుండానే బెదిరిస్తాడు. పావురం ఉఫ్ అంటే ఎగిరిపోతుంది. ఇక బావగారు మొహమాటస్తుడు, ఎంత పందెం పెట్టినా కాదనకుండా వెంట వచ్చేస్తాడు. అలాంటివాడి మీద బ్లఫ్ పనిచెయ్యదు, మంచి ముక్కలు వచ్చేదాకా ఆగాలి. ఆగింది. రెండు ఆసులు వచ్చాయి. ఉన్న బిళ్ళల్లో చాలావరకు తోసేసింది. బావగారు షరా మామూలుగా వెంట వచ్చాడు, చేతిలో తొమ్మిదుల జత పెట్టుకుని. బల్ల మీద అందరికీ కలిపి పరిచే ముక్కల్లో చివరిది తెరిస్తే, ఇంకో తొమ్మిది! మూడు తొమ్మిదుల ముందు రెండు ఆసులు ఏపాటి?

"ఛీ, నా బతుకు!" అంది హైమ. చెవులు వేడెక్కాయి. తప్పేమీ చెయ్యలేదు, అయినా పోయింది. ఆ పోయింది ఆ క్షణమే రాబట్టాలి. తర్వాత ఆటలోనే ఏమీ లేని ముక్కలతో బావగారి మీద బ్లఫ్ వేసింది. బావగారు వెంట వచ్చి పట్టుకుపోయాడు. ఆ మంట ఆరకముందే తాబేలు పందెం పెంచితే "నువ్వు కూడానా!" అని మిగిలినవన్నీ ఎదురు తోసింది. తాబేలు తన రాజుల జత నిదానంగా చూపించాడు. హైమ బిళ్ళలన్నీ ఖాళీ.

హైమ విసురుగా లేచి పెరట్లోకి వెళ్ళింది. అక్కడ నులక మంచం మీద మాస్టారు ఒక్కరే ఉన్నారు, ముందు వరసగా నాలుగు ఫోన్లు పరుచుకుని. పక్కన ఆయన భార్య సుభద్రమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"చూడమ్మా ఈ చోద్యం. నా ఫోన్ కూడా లాక్కుని పావురం అని పేరు పెట్టారు," అంది సుభద్రమ్మ.

హైమ వంగి ఆ నాలుగు ఫోన్లనూ మార్చి మార్చి చూసింది. "నలుగురూ మీరేనా మాస్టారూ?"

"నేనే. అయినా ఒకడి ముక్కలు ఇంకొకడికి చెప్పలేదులే, ఒట్టు," అని నవ్వారాయన. తర్వాత నవ్వు ఆపి అన్నారు. "ఒక్కణ్ణి నలుగురిగా ఆడితే నలుగురినీ విడివిడిగా పట్టావు, శెభాష్. కానీ ఐదో కుర్చీలో మధ్యలో మనిషి మారింది. అది తాబేలుకి తెలిసింది, బావగారికి తెలిసింది. నీకే తెలియలేదు."

హైమ అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. ఆటంటే విసుగు పుడుతోందని అప్పుడు చెప్పింది. మాస్టారు ఏమీ బోధించలేదు. ఆమె ఫోన్ తీసుకుని సుభద్రమ్మ చేతికిచ్చి, ఆదివారం దాకా ఇవ్వొద్దన్నారు. హైమ ఆ పూట చిక్కుడుకాయ కూరతో కడుపునిండా తిని, అక్కడే మంచం మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మర్నాడు సముద్రపు ఒడ్డుకు వెళ్ళి వచ్చింది. శనివారం సాయంత్రానికి ఆడాలని మళ్ళీ చేతులు దురద పెట్టాయి.

ఆదివారం మాస్టారి ముందు గదిలోనే కూర్చుని ఆడింది. ఒక్కొక్కరే తప్పుకోగా చివరికి బల్ల మీద ఇద్దరు మిగిలారు, హైమ, 'కెరటం' అనేవాడు. హైమ చేతికి రాజుల జత వచ్చింది. కెరటం ఏడుల జతతో వెంట వచ్చాడు. చివరి ముక్క, ఇంకో ఏడు. సగానికి పైగా బిళ్ళలు అటు వెళ్ళిపోయాయి. ఆ పక్కనే మాటల పెట్టెలో వాడు రాశాడు: "పాపం మేడమ్‌కి కోపం వచ్చినట్టుందే?"

వచ్చింది, ఎందుకు రాదు! చెవులు వేడెక్కాయి. ఆ వేడి తెలియగానే హైమకు భయం పోయింది. వచ్చావా తల్లీ, నీ సంగతే చూస్తున్నాను అనుకుంది. విరామం మీట నొక్కి లేచింది. ఆడకపోయినా ప్రతి ఆటకీ కట్టాల్సిన బిళ్ళలు కట్టాల్సిందే, అవి పోతూనే ఉన్నాయి. పోతే పోనీ. పెరట్లో మొహం కడుక్కుని, సుభద్రమ్మ ఇచ్చిన మజ్జిగ గుక్కెడు గుక్కెడుగా తాగి, చెవులు చల్లబడ్డాకే తిరిగి వచ్చి కూర్చుంది.

కెరటం మాత్రం ఆమె ఇంకా మండిపోతోందనే లెక్కలో ఉన్నాడు. కోపంలో ఉన్నవాళ్ళు చెత్త ముక్కలతో దూకుతారు, పట్టుకోవచ్చని కాచుకున్నాడు. హైమకు రెండు ఆసులు వచ్చాయి. ఉన్నవన్నీ ఒక్కసారిగా తోసేసింది, ఒళ్ళు మండినదానిలాగే. "ఇదిగో, వచ్చేసింది!" అని రాసి మరీ కెరటం జాకీ ఒక్కటి పట్టుకుని వెంటపడ్డాడు. ఆసులు నిలిచాయి. అంతే, ఈసారి చెవులు వేడెక్కడం వాడి వంతు. మాటల పెట్టెలో గప్‌చుప్. పోయింది రాబట్టాలని ప్రతి ఆటకీ ఎగబడ్డాడు. హైమ తొందరపడలేదు. ఆగి ఆగి, ఒక్కో దెబ్బ కొట్టి, ఆఖరి బిళ్ళ దాకా ఊడ్చేసింది. తెర మీద ఆమె పేరు మెరిసింది, రాష్ట్ర జట్టు అని రాసి మరీ.

"మాస్టారూ, గెలిచేశాను!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. సుభద్రమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. హైమ ఊపిరి తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పింది, కెరటం తనని ఎంత తప్పుగా అంచనా వేశాడో రెండుసార్లు చెప్పింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"తప్పుగా ఏం కాదమ్మా, వాడు సరిగ్గానే చదివాడు," అన్నారు. "కాకపోతే ఆ కోపం వచ్చిన అమ్మాయి అప్పటికే లేచి వెళ్ళిపోయింది."