ఊరుకోని చెయ్యి

కూచిపూడి నేర్పే భ్రమరాంబగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. వెంట నడవడమే శిష్యుల వంతు. "అర్థం కాని నాట్యాన్ని ఎలా చూడాలి గురువుగారూ?" అని కుముద అడిగిన రోజూ అంతే. తిన్నగా విశాఖలోని ఒక రిహార్సల్ హాలుకు తీసుకెళ్లారు.

అక్కడ నీలవేణి ఇంకా సగంలో ఉన్న తన కొత్త నృత్యాన్ని పాతికమందికి చూపిస్తోంది. ఒకప్పుడు భ్రమరాంబగారి దగ్గర గజ్జె కట్టిన పిల్లే. జావా వెళ్లి అక్కడి నర్తకుల నిదానపు నడక చూసొచ్చి, రెండేళ్లుగా తాళం లేని అడుగు కోసం వెతుకుతోంది. వచ్చినవాళ్లకు నచ్చితేనే వేదిక. లేదంటే ఆ రెండేళ్లూ గంగపాలు.

నీలవేణి నడిచింది. ఏం నడక అది! ఒక్క అడుగుకు నాలుగు నిమిషాలు. పాటా లేదు, మాటా లేదు. కుముదకు బుర్ర తిరిగిపోయింది. ఇది ఏడుపా, ఎదురుచూపా? అసలు మొదలైందా? పాపం, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలిగా! తనకే తెలియకుండా తొడ మీద ఆదితాళం వేయసాగింది.

ఆ నిశ్శబ్దంలో చప్పుడు వినపడనే వినపడింది. నీలవేణి పాదం ఉలిక్కిపడి తాళంలో పడింది. వెంటనే రెండోదీ. జనానికి ప్రాణం లేచొచ్చింది, చప్పట్లే చప్పట్లు. హమ్మయ్య, అర్థమైంది అనుకుంది కుముద.

"ఇదీ నాట్యమంటే! ఇలాగే ఉంచండమ్మా, వేదిక ఖాయం" అన్నాడు నిర్వాహకుడు.

నీలవేణి తన పాదాలవంక చూసుకుని ఏడ్చేసింది. "ఈ తాళం మరవడానికేనండీ నాకు రెండేళ్లు పట్టింది."

కుముదకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి కొంగులో దాచుకుంది.

"మొదటినుంచి నడువమ్మా" అన్నారు భ్రమరాంబగారు.

నిర్వాహకుడు వాచీ చూసుకున్నాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. నీలవేణి కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి అడుగు ఎత్తింది. భ్రమరాంబగారు కుముద చేతిని లాగి తన ఒడిలో పెట్టుకున్నారు. ఆ ముసలి వేళ్లూ ఆదితాళం వేయబోతున్నాయి.

"ఇప్పుడూ ఏమీ అర్థం కావట్లేదు గురువుగారూ" అంది కుముద.

"నాకూ కావట్లేదే. నా చెయ్యి గట్టిగా పట్టుకో."